రోజులు, వేళలు ఇంగ్లీషులో చెప్పేటప్పుడు తెలుగువారు తడబడే చోట్లు

హైదరాబాదులో ఇంగ్లీషుతో అవసరం లేని ఉద్యోగం ఇప్పుడు బహు తక్కువ. ఆసుపత్రిలో చీటీ రాయించుకునే చోటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో రాత్రిపూట జరిగే మీటింగుల దాకా, రోజు, తేదీ, గంట ఇంగ్లీషులోనే నడుస్తాయి. వాక్యంలో మరేదైనా తప్పు దొర్లితే విన్నవారు సర్దుకుని అర్థం చేసుకుంటారు. వేళ చెప్పడంలో తప్పు దొర్లితే మాత్రం మనిషి ఒక రోజు ఆలస్యంగా వస్తాడు, లేదా గడువు దాటిపోతుంది. ఇంతటి అవసరమున్న విషయాన్ని అమీర్‌పేట శిక్షణ కేంద్రాల నోట్సుల్లోనూ బడి వ్యాకరణాల్లోనూ సాధారణంగా 'ఎట్, ఆన్, ఇన్' అనే పట్టికతో మొదలుపెట్టి ఆ పట్టికతోనే ముగిస్తారు. ఆ పట్టికను కంఠస్థం చేసినవారు కూడా అవే తప్పులు చేస్తూ ఉంటారు. కారణం వెతికితే తెలుగులోనే దొరుకుతుంది. కాలాన్ని విభజించడంలో తెలుగు ఇంగ్లీషుకు ఏమాత్రం తీసిపోదు. రెండు భాషల విభజన చాలాచోట్ల కలుస్తుంది, కొన్ని చోట్ల మాత్రమే కలవదు. ఆ కలవని చోట్లు ఏవో తెలిస్తే నేర్చుకోవలసింది కొద్దిగానే మిగులుతుంది.

ముందుగా కలిసేవాటిని చూడాలి. తెలంగాణ 2014లో ఏర్పడింది అంటాం, 2014 జూన్‌లో ఏర్పడింది అంటాం, తేదీతో సహా చెప్పేటప్పుడు మాత్రం 2014 జూన్ 2న ఏర్పడింది అంటాం. ఏడాదికి, నెలకు 'లో' చేర్చి, తేదీ రాగానే 'న' చేర్చే ఈ అలవాటు చిన్నప్పటి నుంచీ మన నాలుక మీద ఉన్నదే. ఇంగ్లీషు చేసేదీ ఇంతే. ఏడాదికి, నెలకు 'ఇన్' వస్తుంది, తేదీకి 'ఆన్' వస్తుంది. గంట చెప్పేటప్పుడు 'అయిదు గంటలకు' అని 'కు' చేరుస్తాం, అక్కడ ఇంగ్లీషులో 'ఎట్' వస్తుంది. వారం పేరుకు తెలుగులో చాలాసార్లు ఏ ప్రత్యయమూ ఉండదు, కావాలంటే 'సోమవారం నాడు' అంటాం. ఇంగ్లీషులో దానికి 'ఆన్ మండే'. పండుగల విషయంలోనూ ఈ పోలిక పనికివస్తుంది. 'దీపావళి నాడు' అంటే ఆ ఒక్క రోజు, అది 'ఆన్'తో చెప్పవలసిన మాట. 'దీపావళికి' అంటే ఆ పండుగ రోజులన్నీ కలిసివచ్చే సమయం, దానికి బ్రిటిష్ వాడుకలో 'ఎట్' ఉంటుంది. 'సంక్రాంతికి ఊరు వెళ్తున్నాం' అన్నప్పుడు మాత్రం పండుగ కోసం వెళ్లడమే ముఖ్యం గనుక 'ఫర్ సంక్రాంతి' అనడం సహజంగా ఉంటుంది.

పూటల దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అనే మూడింటికీ 'ఇన్ ది మార్నింగ్' తరహాలో 'ఇన్' వస్తుంది, రాత్రికి సాధారణంగా 'ఎట్ నైట్' అంటారు. వారం పేరు జతపడితే అన్నిటికీ 'ఆన్' ఒక్కటే: 'ఆన్ మండే మార్నింగ్', 'ఆన్ ఫ్రైడే నైట్'. 'నెక్స్ట్', 'లాస్ట్', 'దిస్', 'ఎవ్రీ' అనే మాటలు ముందు వస్తే ఏదీ అక్కర్లేదు. 'ఆన్ నెక్స్ట్ మండే' అని రాయడం నేర్చుకున్న నియమాన్ని అవసరానికి మించి వాడటమే. 'వచ్చే సోమవారం' అనే మన మాటకూ ప్రత్యయం లేదన్నది గుర్తుంటే ఆ 'ఆన్' దానంతట అదే రాలిపోతుంది.

మాటల వరుస దగ్గర రెండు భాషల దారులు వేరవుతాయి. తెలుగు పెద్ద కాలం నుంచి చిన్న కాలానికి వస్తుంది: రేపు, సాయంత్రం, అయిదు గంటలకు. ఇంగ్లీషు ఎక్కువగా చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్తుంది: 'ఎట్ ఫైవ్ టుమారో ఈవెనింగ్'. 'టుమారో ఈవెనింగ్ ఫైవ్ ఓ క్లాక్' అనే మాట నగరంలో ఎక్కడ చూసినా వినిపిస్తుంది, అందరికీ అర్థమవుతుంది కూడా. నోటి మాటలో దాన్ని పెద్ద తప్పుగా ఎంచనక్కర్లేదు గాని, ఉత్తరంలోనో దరఖాస్తులోనో రాసేటప్పుడు వరుస మార్చుకోవడం మంచిది. 'ఓ క్లాక్' అన్నది నిండు గంటలకే చెల్లుతుంది, పదిన్నరకు చెల్లదు. ఏ.ఎం. అని రాసిన తర్వాత మళ్లీ 'ఇన్ ది మార్నింగ్' అని చేర్చడం ఒకే మాటను రెండుసార్లు చెప్పడం.

'ఇవ్వాళ పొద్దున', 'ఇవ్వాళ రాత్రి', 'నిన్న రాత్రి' అనే మూడు మాటలు ఇంగ్లీషులోకి 'టుడే మార్నింగ్', 'టుడే నైట్', 'యెస్టర్‌డే నైట్' అని వెళ్తున్నాయి. వ్యవహారంలో ఉన్న ఇంగ్లీషు వీటిని 'దిస్ మార్నింగ్', 'టునైట్', 'లాస్ట్ నైట్' అంటుంది. 'యెస్టర్‌డే మార్నింగ్', 'టుమారో మార్నింగ్' మాత్రం సరైనవే. అందువల్లనే వాటి పోలికతో 'టుడే మార్నింగ్' కూడా సరైనదే అనిపిస్తుంది. ఈ మూడింటికీ సూత్రం వెతకడం దండగ, వాటిని వాటిగానే గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకంటే లోతుగా చూడవలసింది పూటల సరిహద్దుల సంగతి. తెలుగులో సాయంత్రం నాలుగు గంటలు ఉంటుంది, ఇంగ్లీషులో ఉండదు. నాలుగంటే వారికి ఇంకా 'ఆఫ్టర్‌నూన్'. మనం రాత్రి ఏడు గంటలు అంటాం, వారు 'సెవెన్ ఇన్ ది ఈవెనింగ్' అంటారు. రాత్రి రెండింటికి ఫోను మోగింది అని మనం చెప్పేది వారి లెక్కలో 'టూ ఇన్ ది మార్నింగ్', ఎందుకంటే అర్ధరాత్రి దాటితే వారికి 'మార్నింగ్' మొదలవుతుంది. 'నైట్ టూ ఓ క్లాక్' అన్న మాటలో వరుస ఒక్కటే కాదు, పూట కూడా తెలుగుదే. రాత్రి తొమ్మిదింటికి ఎదురుపడిన మనిషిని పలకరించడానికి 'గుడ్ ఈవెనింగ్' అనాలి తప్ప 'గుడ్ నైట్' అనకూడదు. అది సెలవు తీసుకునేటప్పుడు చెప్పే మాట.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు తెచ్చిపెట్టేది 'నుంచి' అనే మాట. 'సోమవారం నుంచి జ్వరం' అంటాం, 'మూడు రోజుల నుంచి జ్వరం' అని కూడా అంటాం. మొదటిది మొదలైన రోజును చెబుతుంది, రెండోది గడిచిన నిడివిని చెబుతుంది. తెలుగు రెండింటికీ ఒకే మాట వాడుకుంటుంది, నగరంలో పక్కనే నడిచే ఉర్దూ కూడా 'సే' అనే ఒక్క మాటతో రెండింటినీ సరిపెడుతుంది. ఇంగ్లీషు అలా కాదు. మొదలైన క్షణానికి 'సిన్స్', నిడివికి 'ఫర్'. అందుకే డాక్టరు ముందు కూర్చున్న రోగి నోట 'సిన్స్ త్రీ డేస్' అనే మాట వస్తుంది. భారతీయ ఇంగ్లీషులో ఇంతగా పాతుకుపోయిన తప్పు మరొకటి దొరకడం కష్టం.

దీన్ని సరిదిద్దుకునే సాధనం తెలుగులోనే ఉంది. 'మూడు రోజుల నుంచి' అన్న చోట 'మూడు రోజులుగా' అని కూడా అనవచ్చు. 'సోమవారం నుంచి' అన్న చోట 'సోమవారంగా' అని ఏ తెలుగువాడూ అనడు. 'పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు' కుదురుతుంది, '2015గా ఇక్కడే ఉంటున్నారు' కుదరదు. 'నుంచి' తీసేసి 'గా' పెట్టినప్పుడు వాక్యం నిలబడితే ఇంగ్లీషులో 'ఫర్' రావాలి, నిలబడకపోతే 'సిన్స్' రావాలి. మాట్లాడే వేగంలో కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది, ఎందుకంటే ఇందులో కొత్తగా నేర్చుకోవలసిన నియమం ఏదీ లేదు.

దీనితో ముడిపడిన మరో చిక్కు క్రియది. 'మూడేళ్లుగా ఈ కంపెనీలో పనిచేస్తున్నాను' అనే వాక్యంలో తెలుగు క్రియ వర్తమానంలోనే ఉంటుంది, ఎందుకంటే పని ఇంకా సాగుతోంది. దాన్ని ఉన్నదున్నట్టు 'ఐ యామ్ వర్కింగ్' అని పెడితే ఆ క్రియ ఇప్పటి సంగతిని మాత్రమే చెబుతుంది, వెనకటి మూడేళ్లు అందులో ఇమడవు. గతంలో మొదలై ఇప్పటిదాకా సాగుతున్నదానికి ఇంగ్లీషు 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్' అనే రూపాన్ని ప్రత్యేకంగా ఉంచుకుంది. ఇంటర్వ్యూలో ఈ వాక్యం చెప్పవలసిరావడం దాదాపు ఖాయం. నిడివితో పాటు ఈ రూపం కూడా నోటికి అలవాటు చేసుకోవడం మంచిది.

వెనకటి కాలానికి సంబంధించి తెలుగు ఇప్పటికే సరైన దారి చూపుతోంది. ఇప్పటి నుంచి వెనక్కి లెక్కిస్తే 'రెండేళ్ల క్రితం' అంటాం, హైదరాబాదు చుట్టుపక్కల 'రెండేండ్ల కింద' అంటారు, దానికి ఇంగ్లీషులో 'టూ ఇయర్స్ ఎగో'. మరో సంఘటనకు వెనక అయితే 'పెళ్లికి రెండేళ్ల ముందు' అంటాం, దానికి 'టూ ఇయర్స్ బిఫోర్ ది వెడ్డింగ్'. 'బిఫోర్ టూ ఇయర్స్ ఐ జాయిన్డ్' అనే వాక్యంలో ఈ రెండూ కలగాపులగం అవుతాయి. 'టూ ఇయర్స్ బ్యాక్' అనేది మాటల్లో చెల్లుతుంది, రాతలో 'ఎగో' మేలు.

గడువు చెప్పే మాటల దగ్గర తప్పుకు మూల్యం ఎక్కువ, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. తెలుగులో 'శుక్రవారం కల్లా పంపండి' వేరు, 'శుక్రవారం దాకా తెరిచి ఉంటుంది' వేరు. మొదటిది ఒక్కసారి జరిగి ముగిసే పని, శుక్రవారం ముగిసేలోగా ఎప్పుడైనా జరగవచ్చు. రెండోది అప్పటివరకు ఆగకుండా సాగే స్థితి. ఇంగ్లీషులో మొదటిదానికి 'బై', రెండోదానికి 'అంటిల్' లేదా 'టిల్'. తెలుగుకూ ఇంగ్లీషుకూ ఇక్కడ ఇంత చక్కగా పొత్తు కుదిరినా 'ప్లీజ్ సెండ్ ఇట్ టిల్ ఫ్రైడే' అనే వాక్యం కార్యాలయాల్లో కనిపిస్తూనే ఉంటుంది. దీనికి నగరపు భాషల కలయిక ఒక కారణం కావచ్చు. ఉర్దూలో 'కల్ తక్' అంటే రేపటి దాకా అనీ అర్థమే, రేపటి కల్లా అనీ అర్థమే. ఆ ప్రభావంతో 'రేపటి వరకు ఇచ్చేస్తా' అనే తెలుగు కూడా ఇక్కడ వినిపిస్తుంది, అక్కడి నుంచి 'టిల్' ఇంగ్లీషులోకి జారుతుంది. ఇంగ్లీషు వాక్యం రాసేముందు మనసులో 'కల్లా' పెట్టి చూసుకుంటే సరిపోతుంది.

'లోపు' అన్న మాట కొంచెం జారుడుగా ఉంటుంది. 'శుక్రవారం లోపు ఇవ్వాలి' అంటే శుక్రవారం ఇస్తే చెల్లుతుందా అన్న సందేహం తెలుగులోనూ ఉన్నదే. ఇంగ్లీషులో 'బై ఫ్రైడే' అంటే శుక్రవారం ఇచ్చినా గడువులో ఇచ్చినట్టే. 'బిఫోర్ ఫ్రైడే' అంటే గురువారంతో గడువు ముగిసినట్టే. 'లోపు'ను అలవాటుగా 'బిఫోర్' అని మారిస్తే గడువు ఒక రోజు కుంచించుకుపోతుంది. సెలవు దరఖాస్తులోనూ ఇదే ఇబ్బంది. 'టిల్ వెడ్నెస్‌డే' అని రాస్తే ఆ బుధవారం సెలవులోకి వస్తుందా, పనిలోకి వస్తుందా అన్నది చదివేవారి ఊహకు వదిలినట్టే. మన ప్రభుత్వ కార్యాలయాల ఇంగ్లీషులో తేదీల పక్కన 'బోత్ డేస్ ఇన్‌క్లూసివ్' అని చేర్చే పాత పద్ధతి ఒకటి ఉంది. వినడానికి అది పాతకాలపు మాటే అయినా, సందేహానికి తావివ్వని మంచి మాట. అమెరికన్లు అదే పనికి 'మండే త్రూ వెడ్నెస్‌డే' అంటారు.

'రెండు రోజుల్లో రిపోర్టు వస్తుంది' అన్న వాక్యానికి తెలుగులో రేపైనా రావచ్చు, ఎల్లుండైనా రావచ్చు అనే అర్థం ఉంది. ఇంగ్లీషులో 'ఇన్ టూ డేస్' అంటే సాధారణంగా రెండు రోజులు గడిచాక, అంటే ఎల్లుండి. లోపల ఎప్పుడైనా అని చెప్పడానికి 'వితిన్' అనే మాట వేరే ఉంది. అలాగే 'రెండు రోజుల తర్వాత రండి' అనేదాన్ని 'కమ్ ఆఫ్టర్ టూ డేస్' అంటే ఆ తర్వాత ఏ రోజైనా ఫరవాలేదన్న ధ్వని కూడా రావచ్చు. 'కమ్ బ్యాక్ ఇన్ టూ డేస్' అంటే రోజు స్థిరపడుతుంది.

అర్ధరాత్రి దగ్గర వచ్చే చిక్కు భాషతో పాటు పంచాంగంతో కూడా ముడిపడి ఉంది. పంచాంగం ప్రకారం సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా ఒకే వారం. శనివారం పడుకుని మధ్యలో లేచి చూస్తే అది మనకు ఇంకా శనివారం రాత్రే. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికే మారిపోతుంది. సికింద్రాబాద్‌లో 15వ తేదీ 00:20 గంటలకు బయలుదేరే రైలు ఎక్కవలసిన ప్రయాణికుడు 14వ తేదీ రాత్రి భోజనం చేసి స్టేషనుకు బయలుదేరాలి. టికెట్టు మీద 15 అని చూసి 15వ తేదీ రాత్రి స్టేషనుకు చేరితే అప్పటికి రైలు వెళ్లిపోయి దాదాపు ఇరవై నాలుగు గంటలు అవుతుంది. శంషాబాద్ నుంచి తెల్లవారుజామున రెండింటికీ మూడింటికీ బయలుదేరే విమానాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'సాటర్‌డే నైట్ ట్వెల్వ్ ట్వంటీ' అనకుండా 'ట్వెల్వ్ ట్వంటీ ఏ.ఎం. ఆన్ సండే' అని, కుదిరితే 'దట్ ఈజ్, లేట్ సాటర్‌డే నైట్' అని కూడా చేర్చితే ఎదుటివారు మోసపోరు.

పన్నెండు గంటలకు ఏ.ఎం., పి.ఎం. రాయడం అనుభవజ్ఞులకు కూడా తికమకే. ఆ అక్షరాల వెనక ఉన్న లాటిన్ మాటలకు మధ్యాహ్నానికి ముందు, మధ్యాహ్నానికి తర్వాత అని అర్థం. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు ఆ రెండింటిలో దేనికీ చెందదు. వాడుకలో మధ్యాహ్నాన్ని పి.ఎం. అనీ, అర్ధరాత్రిని ఏ.ఎం. అనీ స్థిరపరుచుకున్నారు గాని, 'నూన్' అనీ 'మిడ్‌నైట్' అనీ రాయడమే స్పష్టంగా ఉంటుంది. 'మిడ్‌నైట్'తో కూడా ఇంకో చిక్కు ఉంది. '15వ తేదీ మిడ్‌నైట్' అంటే 15 మొదలయ్యే క్షణమా, ముగిసే క్షణమా? స్వాతంత్ర్యం వచ్చిన ఘడియను మనం 'ఆగస్టు 14 అర్ధరాత్రి' అనీ అంటాం, పండుగ 15న చేసుకుంటాం. ఆన్‌లైన్ దరఖాస్తులకు గడువు పెట్టేవారు 11:59 పి.ఎం. అని రాయడానికి కారణం ఇదే.

'నెక్స్ట్ మండే' అన్న మాట మీద ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిలోనే ఏకాభిప్రాయం లేదు. గురువారం నాడు ఆ మాట అంటే కొందరు నాలుగు రోజుల్లో వచ్చే సోమవారం అనుకుంటారు, కొందరు ఆ పై సోమవారం అనుకుంటారు. అందువల్ల ఇక్కడ సరైన అర్థం ఏదని వాదించడం కంటే వారం పక్కన తేదీ రాయడం ఉత్తమం. 'ఆన్ మండే, 16 జూన్' అంటే వాదనే ఉండదు.

'మీటింగును రెండు రోజులు ముందుకు జరిపారు' అన్నదానికీ ఇదే గతి. బుధవారం మీటింగు 'మూవ్డ్ ఫార్వర్డ్ టూ డేస్' అంటే సోమవారానికి అనుకునేవారూ ఉంటారు, శుక్రవారానికి అనుకునేవారూ ఉంటారు. లేరా బొరొడిట్‌స్కీ, మైకేల్ రామ్‌స్కార్ అనే మనస్తత్వ పరిశోధకులు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈ ప్రశ్ననే విమానాశ్రయంలో ఉన్నవారిని అడిగారు. అప్పుడే విమానం దిగి వచ్చినవారు, ఎవరికోసమో ఎదురుచూస్తూ నిలబడినవారి కంటే ఎక్కువగా శుక్రవారం అన్నారు. తాము ముందుకు కదులుతున్నామనే భావన ఉన్నవారికి 'ముందుకు' అంటే రాబోయే కాలం వైపు. పని తొందరగా జరిగేలా మార్చడానికి భారతీయ ఇంగ్లీషులో స్థిరపడిన 'ప్రీపోన్' ఈ సందిగ్ధాన్ని చక్కగా తీరుస్తుంది. అది తప్పు ఇంగ్లీషు అని కొట్టిపారేయనక్కర్లేదు, మన దేశంలో నిస్సంకోచంగా వాడవచ్చు. విదేశీయులకు రాసేటప్పుడు మాత్రం పాత రోజు, కొత్త రోజు రెండూ రాయాలి: 'ఫ్రమ్ వెడ్నెస్‌డే టు మండే'.

విదేశాలతో పని ఉన్నవారికి వీటన్నిటితో పాటు గడియారాల తేడా కూడా వచ్చి చేరుతుంది. భారత ప్రామాణిక కాలం అంతర్జాతీయ ప్రామాణిక సమయం కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది, ఏడాది పొడవునా మారదు. అమెరికాలో ఎక్కువ ప్రాంతాల్లో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. కాబట్టి న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదింటికి మొదలయ్యే మీటింగు హైదరాబాదులో వేసవిలో సాయంత్రం 6:30కు, చలికాలంలో 7:30కు పడుతుంది. జూలైలో కూడా ఆహ్వానంలో న్యూయార్క్ సమయానికి 'ఈ.ఎస్.టీ.' (ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్) అని రాసేవారు చాలామంది. ఆ మూడక్షరాలు చలికాలపు సమయానికి చెందినవి, వేసవిలో రాయవలసింది 'ఈ.డీ.టీ.' (ఈస్టర్న్ డేలైట్ టైమ్). ఏది ఎప్పుడో గుర్తుండదనుకుంటే 'న్యూయార్క్ టైమ్' అని రాస్తే చాలు. భారత ప్రామాణిక కాలానికి మనం రాసే 'ఐ.ఎస్.టీ.' అన్న అక్షరాలను ఐర్లాండ్, ఇజ్రాయెల్ కూడా తమ సమయానికి వాడుకుంటాయి గనుక మన వైపు సమయాన్ని 'హైదరాబాద్ టైమ్' అనడం కూడా అంతే క్షేమం. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా కావాలని వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి అడిగితే ఆ గడువు మనకు శనివారం తెల్లవారుజామున 5:30 దాకా ఉంటుంది. అదే మాట మనం వారికి రాసి ఊరి పేరు చేర్చకపోతే, వారు మన శనివారం దాకా గడువు ఉందనుకుంటారు.

తేదీలను అంకెల్లో రాయడంలోనూ ఇలాంటి ప్రమాదమే ఉంది. 04/05/2025 అని చూస్తే హైదరాబాదులో మే 4 అని చదువుతారు, అమెరికాలో ఏప్రిల్ 5 అని చదువుతారు. 12 దాటిన తేదీల్లో తప్పు వెంటనే బయటపడుతుంది, 12 లోపు తేదీల్లో ఎవరికీ అనుమానం రాదు. దీనికోసమే 1988లో మొదట వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ఏడాది, నెల, తేదీ అనే వరుసను స్థిరపరిచింది: 2025-05-04. పెద్దదానితో మొదలై చిన్నదానికి వచ్చే ఈ వరుస '2025 మే 4' అని రాసే తెలుగువారికి కొత్తదేమీ కాదు. ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు, కంప్యూటరులో పట్టికలు చేసేటప్పుడు ఇదే వాడుకోవడం మేలు, ఎందుకంటే తేదీల క్రమంలో ఫైళ్లు వాటంతట అవే వరుసగా నిలుస్తాయి. ఉత్తరాల్లో మాత్రం నెల పేరు అక్షరాల్లో రాసి, '4 మే 2025' అన్నా, అమెరికన్ల పద్ధతిలో 'మే 4, 2025' అన్నా ఎవరూ పొరబడరు.